నేల తుడిచే యంత్రము – నిత్యసేవ

పెద్ద పెద్ద భవనాల నేల ఎవరు తుడుస్తున్నారన్న ప్రశ్న సాధారణముగా మనకు తోచదు. ఆసుపత్రిలో రోగిని చూడబోయినప్పుడు, రైల్వేస్టేషనులో బండి కొరకు వేచి ఉన్నప్పుడు, కల్యాణ మండపములో పంక్తికి కూర్చోబోయినప్పుడు నేల శుభ్రముగా ఉంటే గమనించము. మురికిగా ఉంటే మాత్రము ముక్కు మూసుకొని, ఎవరినో ఒకరిని నిందిస్తాము. ఆ నింద మోసేవారిలో కొందరి చేతికి నేడొక యంత్రము వచ్చినది. ఆ యంత్రమును గూర్చి, ముఖ్యముగా దాని పోషణను గూర్చి, ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

కొంతకాలము క్రిందట ఒక కార్యక్రమమునకై ధ్వనిముద్రణ చేసుకొనుటకు మేము ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళినాము. దసరా వెళ్ళి అప్పటికి మూడు వారములైనది. మెట్ల క్రింది చీకటి గదిలో నేల కడిగే యంత్రమొకటి నిలిచి ఉన్నది. దాని ముఖాన పసుపు కుంకుమ బొట్లు, పిడికి ఎండిన బంతిపూల దండ, చక్రముల క్రింద నలిగి నల్లబడిన నిమ్మకాయలు. ఆయుధపూజ లోపము లేకుండా జరిగినది. మూత ఎత్తి చూచినాము. ఏనాటిదో మురికినీరు లోపల అట్లే నిలిచి ఉన్నది. ఆ వాసనకు రెండడుగులు వెనుకకు వేసినాము. ప్రక్క వరండాలో ఇద్దరు స్త్రీలు నడుము వంచి తడిగుడ్డతో నేల తుడుస్తున్నారు.

“మిషను ఉన్నది గదా, అమ్మా! చేతితో తుడుస్తున్నారేమి?” అని అడిగినాము.

వారిలో పెద్దామె నడుము మీద చేయి ఆనించుకొని లేచినది. “పండక్కి ముందే ఆగిపోయింది సార్. ఆగినదానికే బొట్టు పెట్టారు. అది రాకముందు ఈ అంతస్తుకి నలుగురం ఉండేవాళ్ళం. అది వచ్చాక ఇద్దరు చాలన్నారు. ఇప్పుడు అదీ లేదు, ఆ ఇద్దరూ లేరు” అన్నది.

యంత్రము చెడినదన్న సంగతి ఏ పుస్తకములోనో వ్రాసే ఉంటారు. ఆ ఇద్దరి నడుముల మీద పడిన బరువు మాత్రము ఏ పుస్తకములోను ఉండదు. యంత్రపోషణ అనగా ఇనుమునకు, రబ్బరునకు సంబంధించిన విషయమని అనుకొంటాము. ఆ వరండాలో నిలిచి చూచినప్పుడు, అది మనుష్యులకు సంబంధించిన విషయమని మాకు తెలిసినది.

ఇక్కడ ఒక పాత సంగతి జ్ఞాపకము చేసుకొనవలెను. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణములో జేమ్స్ మరీ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణములో నేల ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసము, లేచే దుమ్ము ఊపిరి సలుపనిచ్చేది కాదు. ఒక పంకా మోటారు, ఒక చీపురుకట్ట, ఒక దిండు గలీబు చేర్చి ఆయన దుమ్మును పీల్చే సాధనమొకటి తయారుచేసి, 1908లో దానికి పేటెంటు పొందినాడు. ఆ హక్కును కొన్న హూవర్ పేరు లోకమంతట ప్రసిద్ధమైనది. అంతకు ముందు 1901లోనే లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ దుమ్ము పీల్చే యంత్రమును నిర్మించినాడు. అది గుఱ్ఱపుబండి మీద వీధిలో నిలిచి, పొడుగాటి గొట్టములతో ఇండ్లలోని దుమ్మును లాగేటంతటి భారీ యంత్రము. చేతబట్టి నడుపుకొనే సులువైన సాధనము మాత్రము, చీపురు పట్టి ఊపిరాడక బాధపడిన మనిషి ఆలోచనలోనుండి వచ్చినది. పని చేసేవానికి యంత్రము సంగతి ఏమి తెలుసునని అనుకొనేవారు ఈ కథను మరువరాదు.

ఇక మన యంత్రము సంగతి. నేడు ఆసుపత్రులలో, విమానాశ్రయాలలో, పెద్ద దుకాణాలలో కనబడే యంత్రమునకు రెండు తొట్లు ఉంటవి. ఒకదానిలో మంచినీరు, కొద్దిగా సబ్బుమందు. ఆ నీరు సన్నగా బ్రష్షు మీదికి దిగుతుంది; బ్రష్షు తిరిగి నేలను రుద్దుతుంది. వెనుక విల్లువలె వంగిన రెండు రబ్బరు పట్టీలు మురికినీటిని ఒకచోటికి చేర్చుతవి; గాలిమోటారు దానిని గొట్టము గుండా రెండవ తొట్టిలోనికి పీల్చుకొంటుంది. నడిపించేది బ్యాటరీ. కాబట్టి దీని ఆరోగ్యము ఐదింటిలో ఉన్నది: నీరు, బ్రష్షు, రబ్బరు, గాలి, బ్యాటరీ.

మొట్టమొదట చేయవలసిన పని యంత్రముతో కాదు, చీపురుతో. పొడిగా ఊడ్వకుండ యంత్రమును నేల మీదికి తేరాదు. పెండ్లి జరిగిన మండపమునే తీసుకొనండి. నేలనిండ తలంబ్రాల బియ్యము, పూలదండల దారములు. దారము బ్రష్షు ఇరుసుకు చుట్టుకొని బిగిసిపోతుంది. తడిసిన బియ్యము గొట్టములో చేరి ఉబ్బి దారిని మూసివేస్తుంది. పది నిమిషములు ఊడ్చినందువలన ఒక పూట మరమ్మతు తప్పుతుంది.

రెండవది సబ్బుమందు కొలత. మందు ఎక్కువ పోస్తే శుభ్రత ఎక్కువగునని చాలామంది నమ్మకము. అది నిజము కాదు. మందు ఎక్కువైన కొద్ది నురుగు ఎక్కువగును. రెండవ తొట్టి నిండగానే గాలిదారిని మూయుటకు లోపల ఒక తేలెడి బంతి ఉంటుంది; అది నీటికి లేస్తుంది గాని, నురుగుకు సరిగా లేవదు. నురుగు ఆ దారినే పోయి గాలిమోటారులో చేరితే మోటారు కాలిపోవచ్చును. పైగా మిగిలిన మందు నేల మీద జిగటగా అంటుకొని, మరునాడు దుమ్మును మరింత పట్టి ఉంచుతుంది. కాబట్టి సీసా మీద వ్రాసిన కొలతయే కొలత.

ఆమ్లముల సంగతి మరీ జాగ్రత్త. మనకు సుపరిచితములైన తాండూరు బండలు, షాబాదు బండలు, కడప నాపరాళ్ళు సున్నపురాతి జాతివి. వంటింటి బండ మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడి తెల్లని మచ్చ తేలిన సంగతి ఇల్లాండ్రందరికి తెలుసును. అట్టి నేల మీద యాసిడు పోసి యంత్రము నడిపితే నేలయు, యంత్రములోని లోహభాగములును రెండూ చెడును. బ్లీచింగు మందును, పాయిఖానాలు కడిగే యాసిడును ఎన్నడును ఒక తొట్టిలో కలుపరాదు. ఆ రెండూ కలిస్తే క్లోరిను వాయువు పుట్టును, అది ప్రాణాంతకము.

ఇక పని ముగిసిన తరువాతి పావుగంట సంగతి. యంత్రము ఆయుర్దాయము చాలవరకు ఈ పావుగంటలోనే ఉన్నది. ముందుగా తాళపుచెవి తీసివేయవలెను. తాళపుచెవి ఉండగా బ్రష్షు దగ్గర చేయి పెట్టరాదు. పిమ్మట మురికినీటి తొట్టిని కాలువలోనికి వంచి, మంచినీటితో కడిగి, రాత్రి అంతయు మూత తెరచి ఉంచవలెను. మూసిన తొట్టిలో బూజు, దుర్వాసన పుట్టును. ఆ వాసననే మరునాడు యంత్రము రోగుల గదులలో వెదజల్లును. మంచినీటి తొట్టికి ఉన్న జల్లెడను కూడ కడుగవలెను. మన బోరుబావుల నీటిలో చాలచోట్ల సున్నపు ఖనిజములు అధికము. అవి తెల్లని పెచ్చుగా గట్టిపడి సన్నని దారులను మూసివేస్తవి.

బ్రష్షును ఊడదీసి, చుట్టుకొన్న వెండ్రుకలు, దారములు తీసి, కడిగి ఆరబెట్టవలెను. యంత్రపు బరువును రాత్రంతయు బ్రష్షు మీద ఉంచితే కుచ్చులు ఒకవైపునకు వంగిపోవును. బ్రష్షుకు బదులు ప్యాడ్ వాడేవారు రంగును గమనించవలెను. నిత్యము తుడుచుటకు సాధారణముగా ఎఱ్ఱది వాడుదురు. నల్లది పాత మైనపు పూత గీకివేయుటకు. తొందరగా మురికి పోవునని ప్రతిదినము నల్లది వాడితే నేల మెరుపే పోవును.

రబ్బరు పట్టీల అంచును పొడిగుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడవలెను. యంత్రము వెనుక నేల మీద మిగిలే తడి ఒక భాష. చదువుట నేర్చుకొంటే జబ్బు తెలియును. ఒక సన్నని గీత మిగిలినదా? రబ్బరు అంచున ఏదో చిక్కుకొన్నది, లేదా అంచు చిట్లినది. వెడల్పంతయు తడి మిగిలినదా? పీల్చే గాలి తగ్గినది: తొట్టి నిండి ఉండవచ్చును, గొట్టము పూడుకొని ఉండవచ్చును, నీరు వదిలే గొట్టపు బిరడా వదులై ఉండవచ్చును, మూత సరిగా కూర్చుని ఉండకపోవచ్చును. వీటిలో ఏ ఒక్కదానికీ మెకానిక్కు అవసరము లేదు. అరిగిన రబ్బరును వెంటనే పారవేయనక్కరలేదు; చాల యంత్రములలో పట్టీని త్రిప్పి బిగించి నాలుగు అంచులను వాడుకొనవచ్చును. కాని ఆ తడిగీతను చూచి ఊరకుండరాదు. ఆసుపత్రి వరండాలో ఆ తడి మీద ఒక ముసలాయన కాలు జారితే విరిగేది తుంటి ఎముక. నింద పడేది తుడిచిన ఆమె మీద.

చివరిది, ఖరీదైనది, బ్యాటరీ. మామూలు సీసపు బ్యాటరీని వాడిన దినముననే ఛార్జింగునకు పెట్టవలెను. ఖాళీ అయిన బ్యాటరీని అట్లే వదలివేస్తే పలకల మీద ఏర్పడిన సీసపు గంధకిత లవణము గట్టిపడిపోవును. ఆ పిమ్మట ఎంత ఛార్జింగు పెట్టినను పూర్వపు బలము రాదు. నీరు పోసే రకమైతే, ఛార్జింగునకు ముందు పలకలు మునిగి ఉన్నవో లేదో మాత్రము చూచి, గుర్తు వరకు నీరు పోయుట ఛార్జింగు ముగిసిన పిమ్మటనే చేయవలెను. ముందే నింపితే ద్రవము పొంగి బయటికి వచ్చును. పోయవలసినది డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీరు కాదు, యాసిడు అసలే కాదు. పూర్తిగా ఛార్జి అయిన ద్రవపు సాంద్రత హైడ్రోమీటరులో ఇంచుమించు 1.26, 1.28ల మధ్య ఉండును. ఒక్క గది మాత్రము మిగిలినవాటికంటె చాల తక్కువ చూపితే ఆ గది జబ్బుపడినదన్నమాట. ఛార్జింగు వేళ హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 4 పాళ్ళైనను నిప్పురవ్వకు ప్రేలును. కనుక మెట్ల క్రింది చీకటి గది ఛార్జింగునకు తగిన చోటు కాదు. గాలి ఆడే గదిలో, బీడీ అగ్గిపెట్టెలకు దూరముగా ఉంచవలెను. నీరు పోయనక్కరలేని జెల్ బ్యాటరీలకు, లిథియం బ్యాటరీలకు వాటివాటి ఛార్జరే వాడవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు కఠినమైన విద్య కాదు. మరి యంత్రములు మూలబడుటకు కారణమేమి? ఆ ఆసుపత్రిలోనే పెద్దామెను మరల అడిగినాము: “పని అయిన తరువాత తొట్టి కడిగే వీలు లేదా, అమ్మా?”

“ఎక్కడ సార్? నేల తుడవడం అవగానే ఇంకో అంతస్తుకి పొమ్మంటారు. మిషను కడగడం పని కింద లెక్కలేదు. రబ్బరు చిరిగిందని నేను చెప్పాను. చెబితే నువ్వే చింపావని జీతంలో కోస్తారేమోనని రెండోసారి చెప్పలేదు” అన్నది.

అసలు జబ్బు ఇక్కడ ఉన్నది. యంత్రమును కొనునప్పుడు లక్షల లెక్క వేస్తాము. దానిని కడిగే పావుగంటను పనిగా లెక్క వేయము. తగ్గిన మనుష్యుల లెక్క వెంటనే వేస్తాము. చెడిన రబ్బరు లెక్క వేయము. యంత్రముతో పాటు వచ్చే పుస్తకము సాధారణముగా ఆంగ్లములో ఉండి, ఆఫీసు బీరువాలో భద్రముగా ఉంటుంది. నడిపే ఆమెకు దాని అట్ట రంగు కూడ తెలియదు.

కనుక యజమానులకు, అధికారులకు, గుత్తేదారులకు మా మనవి ఇది. ఆ చివరి పావుగంటను జీతమునకు లెక్కవచ్చే పనివేళలోనే చేర్చండి. చేయవలసిన పనులను తెలుగులో, పెద్ద అక్షరములతో ఒక కాగితము మీద వ్రాయించి యంత్రము ఉండే గోడకు అంటించండి. చదువురానివారికి ఒకసారి చేసి చూపించండి. ఒక జత రబ్బరు పట్టీలు, ఒక బ్రష్షు, ఒక డబ్బా డిస్టిల్డ్ వాటరు సిద్ధముగా ఉంచండి. ఒక చిన్న పుస్తకము యంత్రమునకు వేలాడదీసి, లోపము కనిపెట్టినవారు వ్రాసే ఏర్పాటు చేయండి. లోపము చెప్పినవారి జీతము కోయుట మానండి. జబ్బును ముందుగా చెప్పినవారు మీకు మేలు చేసినవారు.

నడిపే సోదరీసోదరులకు ఒక్క మాట. యంత్రపు చప్పుడు మారినదని మొదట వినేది మీ చెవియే. తడిగీతను మొదట చూచేది మీ కన్నే. ఏ ఇంజనీరునకును లేని ఆ పరిచయము మీకున్నది. దానిని చెప్పుటకు సంకోచించకండి.

ఆ దినమున మేము ధ్వనిముద్రణ ముగించుకొని తిరిగి వచ్చేటప్పటికి, పెద్దామె వరండా చివరి వరకు తుడిచివచ్చినది. మేము నడువబోతుండగా, “ఆగండి సార్, తడి ఆరనివ్వండి” అని చేయి అడ్డము పెట్టినది. నేల ఆరేవరకు అక్కడే నిలబడినాము. వచ్చే దసరాకు ఆ యంత్రమునకు బొట్టు పెట్టేవారు, ముందుగా దాని తొట్టి కడుగుదురని, ఆ బొట్టు ఆమె చేతనే పెట్టింతురని మేము ఆశిస్తున్నాము.