వేసవి రోడ్డు మీద పాల లారీ ఇంజను వేడి

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల వేడి గురించి మీకు మేము చెప్పవలసింది లేదు. పితికిన పాలు ఎంత త్వరగా 4 డిగ్రీలకు దిగితే అంత మేలని, ఆలస్యమైతే క్యాను మూత తీయగానే వాసనే చెబుతుందని మీ అందరికీ తెలుసు. ఈ రోజు ఆ పాలను మోసే లారీ ఇంజను వేడి గురించి మనవి చేయదలచుకున్నాము. అది అదుపు తప్పినా పోయేది మీ పాలే.

ఒక మే నెలలో జరిగిన సంగతి. మా లారీ ఒకటి ఊళ్లన్నీ తిరిగి, క్యాన్లు నింపుకుని బందరు రోడ్డెక్కి విజయవాడ వైపు వస్తోంది. ఎండ బాగా ముదిరింది. ఉయ్యూరు చేరకముందే గేజి ముల్లు ఎర్ర గీత వైపు జరగడం డ్రైవరు చూశాడు. అయినా ఆపలేదు. కొంత దూరం వచ్చాక నీరు మరిగి ఆవిరి లేచింది, బండి నిలిచిపోయింది. వేరే లారీ వచ్చి క్యాన్లు ఎక్కించుకునేసరికి రెండు గంటలు దాటింది. పరీక్షలో సగానికి పైగా క్యాన్ల పాలు విరిగాయి. ఆ పూట ఆరు ఊళ్ల వాళ్లకు డబ్బు రాలేదు.

ముల్లు కనబడ్డాక ఎందుకు ఆపలేదని డ్రైవరును అడిగాము. "నిన్న ఇరవై నిమిషాలు లేటయితే తిట్టారు గదండీ" అన్నాడు. తిట్టింది మేమే.

ఊళ్లలో తిరిగేటప్పుడు రాని వేడి పెద్ద రోడ్డు మీద ఎందుకు వస్తుంది? డీజిలు కాలితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతు, కొత్త ఇంజనుల్లో మరికాస్త ఎక్కువ, బండిని నడుపుతుంది. తక్కినదంతా సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా బయటికి పోవలసిందే. కాలువ గట్ల మీద, సందుల్లో ప్రతి కేంద్రం దగ్గరా ఆగుతూ పోతుంటే వేడి పోగుపడదు. సగం మూసుకుపోయిన రేడియేటరు కూడా ఆ పనికి సరిపోతుంది. అందుకే లోపం బయటపడదు. నిండు బరువుతో గంటల తరబడి ఆపకుండా లాగించినప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది.

ఎండ సంగతి కూడా లెక్క వేసి చూడండి. రేడియేటరు వదిలే వేడి, నీటికీ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీరు 90 డిగ్రీలు, డిసెంబరులో గాలి 25 అయితే తేడా 65. మే నెలలో గాలి 45కు చేరితే తేడా కూడా 45కు పడిపోతుంది. అంటే అదే రేడియేటరు మూడో వంతు బలం పోగొట్టుకుంటుంది. పైగా హైదరాబాదు పోయే ట్యాంకరు 275 కిలోమీటర్ల దారిలో సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఎక్కినట్టు కంటికి కనబడదు గాని ఇంజనుకు తెలుస్తుంది. ఎదురు వడగాడ్పు ఉంటే ఆ భారం మరింత.

మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. కోతలయ్యాక మినుము, వరి రోడ్ల మీదే పరిచి బండ్ల కింద నూర్పించడం మనకు అలవాటు. ఆ పొట్టంతా ఫ్యాను లాగి రేడియేటరు రెక్కల మధ్య కూరుతుంది. దాన్ని ముందునుంచి కొడితే లోపలికే పోతుంది. ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. పరిచేవారిలో మన సభ్యులే ఎక్కువని కూడా ఇక్కడే చెప్పక తప్పదు.

ఇక నీళ్లు. సముద్రం వైపు ఊళ్ల బోరు నీరు ఉప్పన. అది పోస్తే లోపల తుప్పు, పొలుసు కడుతుంది. పొలుసు ఇంజను వేడిని నీటికి అందనివ్వదు. కూలెంటు కలిపిన శుద్ధమైన నీరే పోయించాలి. కొందరు మెకానిక్కులు వేడి తగ్గుతుందని థర్మోస్టాటు తీసి పారేస్తారు. 80 డిగ్రీల దాపున తెరుచుకోవలసిన తలుపు అది. తీసేస్తే ఇంజను చల్లగా నడిచి డీజిలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. రేడియేటరు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ముల్లు ఎక్కుతుంటే వేగం తగ్గించి, గేరు దించి, నీడ చూసి ఆపాలి. నీరు ఉండి, బెల్టు బాగుంటే వెంటనే ఇంజను కట్టేయకూడదు. న్యూట్రల్‌లో కాసేపు తిరగనిస్తే ఫ్యాను, పంపు వేడిని లాగేస్తాయి. ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా మాత్రం తక్షణం కట్టేయాలి. మూత బిగువుగా ఉన్నంతసేపు 100 డిగ్రీలు దాటినా లోపలి నీరు మరగదు. విప్పిన క్షణాన ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాకే విప్పాలి. వేడి ఇంజనులో చన్నీళ్లు పోస్తే సిలిండరు హెడ్డు పగులుతుంది.

కొత్త లారీల్లో వేడి హద్దు మీరితే ఇంజను తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. అలా తగ్గినప్పుడు దాన్ని రెట్టించి తొక్కవద్దని మా డ్రైవర్లకు చెప్పాము.

మీతో రెండు మాటలు. డ్రైవరు ముల్లు చూసి ఆపితే, ఆ ఆలస్యాన్ని రిజిస్టరులో అతని తప్పుగా రాయడం మేము మానేశాము. మీ కార్యదర్శులు కూడా రాయవద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉదయపు పాలు ఒక అరగంట ముందు పోయించగలిగితే, లారీ ఎండ ముదరక ముందే పెద్ద రోడ్డు దాటుతుంది. ఏ ఊరికి ఎంత ముందు వీలవుతుందో వచ్చే నెల మొదటి వారంలోగా మీ సంఘాల్లో మాట్లాడి మాకు తెలియజేయండి. దాన్నిబట్టి రూట్ల వేళలు మారుస్తాము.