బ్రాకెట్లో ఉన్న మనిషి



అధ్యక్షుడు క్లుప్తంగా ముగించాలని కార్యదర్శి గారు చీటీ పంపారు. చదివి జేబులో పెట్టుకున్నాను. పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చుని, టైము దాటిందని గంట కొట్టించి ఎన్ని నాటికల తెర దింపించానో నాకే లెక్క లేదు. ఆ పాపం ఇవాళ పండింది. కొట్టించుకోండి గంట, నేను మాత్రం దిగను.

పొద్దున స్టేషను నుంచి వస్తుంటే ఆటో అబ్బాయి, ఏం ఫంక్షనండీ అని అడిగాడు. నాటకాల సభ అన్నాను. తెనాలివాడు కదా, ఎవరి ట్రూపు, ఎన్నింటికి మొదలు అన్నాడు. ఎవరూ ఆడరు బాబూ, నాటకాల పుస్తకాలు చదవడం గురించి మాట్లాడుకుంటాం అన్నాను. అద్దంలోంచి నన్నొక చూపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. దాన్ని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో చూశాను, రంగస్థల శాఖల్లో చూశాను. మొదటివాళ్లకి నాటకం పూర్తి సాహిత్యం కాదు. రెండోవాళ్లకి పుస్తకం పూర్తి నాటకం కాదు. ఈ ఇద్దరి మధ్య గోడ మీద పిల్లిలా నలభై ఏళ్లు గడిపాను.

1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊళ్లో ఈ మాట అనడానికి కొంచెం ధైర్యం కావాలి, అయినా అంటాను. తెలుగులో అన్నిటికన్నా గొప్ప నాటకాన్ని మనం చూడలేదు, చదివాం. కన్యాశుల్కం చదివినవాళ్లు చేతులెత్తమంటే ఈ హాల్లో ప్రతి చెయ్యీ లేస్తుంది. 1909 నాటి ప్రతిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆడగా చూసినవాళ్లు ఎత్తమంటే ఎన్ని చేతులు మిగులుతాయి?

తేదీలు మీకు తెలిసినవే. 1892లో విజయనగరంలో ప్రదర్శన. 1897లో అచ్చు. 1909లో రెండో కూర్పు. ప్రదర్శన రుచి తెలిసిన రచయిత, మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు సాధారణంగా ఏం చేస్తాడు? కోస్తాడు, బిగిస్తాడు. గురజాడ తిరగరాసి, ఒక్క రాత్రిలో ఆడి ముగించలేనంతగా పెంచారు. రంగస్థలం ఎరగక చేసిన పొరపాటని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన కళ్ల ముందు దీపం దగ్గర కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి తెల్లవారేలోగా ఇంటికి పోవాలన్న తొందర లేదు. అచ్చు కావడం వేరు, పుస్తకం కావడం వేరు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది, 1909లో పుస్తకమైంది. ఇది నాటకం కాదు, సంభాషణల్లో రాసిన నవల అని విసుక్కున్న పెద్దలున్నారు. వాళ్లు తిట్టామనుకున్నారు. నేనది బిరుదనుకుంటున్నాను.

మధురవాణి ఇంట్లో మంచం కింద సీను తలుచుకోండి. రామప్పంతులు ముందే దూరి ఉన్నాడు. పూటకూళ్లమ్మ వస్తోందనేసరికి గిరీశమూ దూరాడు. చీపురు దెబ్బ ఎవరికి తగిలిందో మీకు చెప్పనక్కర్లేదు. రంగస్థలం మీద మంచం ఎత్తు పెంచాలి, దుప్పటి అంచు వెనక్కి మడవాలి, అయినా బాల్కనీ వాళ్లకి మంచం కోళ్లే కనపడతాయి. చదువుతున్నవాడు మాత్రం నేరుగా మంచం కిందే ఉంటాడు, ఆ ఇద్దరి మధ్య ఇరుక్కుని. వాణ్ణి అక్కడికి దూర్చింది డైలాగు ఒక్కటే కాదు. బ్రాకెట్లలో వేసిన నాలుగు ముక్కలు కూడా.

ఇక నా జబ్బు మొదలైంది. నన్నెరిగినవాళ్లు నవ్వుతున్నారు, నవ్వండి. నాటకం పుస్తకమయ్యేది బ్రాకెట్ల దగ్గరే అన్నది నా పాత వాదం. రంగసూచన నటుడికి ఇచ్చిన ఆజ్ఞ అని మనం పాఠం చెబుతాం. మరి నటుడు లేని చోట అది ఎవరికి ఆజ్ఞ? శాకుంతలం మొదటి అంకంలో మొక్కలకి నీళ్లు పోయడాన్నీ, మీదికొచ్చే తుమ్మెదనీ అభినయించి చూపమని కాళిదాసు సూచన రాశాడు. రంగం మీద నీళ్లూ లేవు, తుమ్మెదా లేదు, ఉన్నదల్లా ఆ అమ్మాయి చెయ్యి. ఇంట్లో కూర్చుని చదివేవాడికి నీళ్లూ ఉన్నాయి, తుమ్మెదా ఉంది. ఆ సూచన చదువరిని కూడా నటుణ్ణి చేస్తుంది.

పాత్రలు ఏ భాష మాట్లాడాలన్నదాని మీద మనం తరాల తరబడి కొట్టుకున్నాం. వేదం వారు ప్రతాపరుద్రీయంలో ఎవరి నోటికి తగ్గ భాష వారికిచ్చారు. అదీ 1897లోనే. బ్రాకెట్లు ఏ భాష మాట్లాడాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాత సంపుటాలు తిరగేయండి. నౌకరు శుభ్రమైన వాడుక భాషలో మాట్లాడతాడు, కానీ గదిలోకి మాత్రం "ప్రవేశించును". అమ్మాయి మన పక్కింటి పిల్లలా ఏడుస్తుంది, పోతూ పోతూ "నిష్క్రమించును". మనిషి వీధిలోకి దిగాడు గాని, వాణ్ణి లోపలికి తెచ్చే క్రియాపదం గ్రాంథికపు గడప దాటలేదు. గిడుగు వారి వాడుక భాషా ఉద్యమం అన్నిటికన్నా ఆలస్యంగా చేరిన చోటు ఈ రెండు గీతల మధ్య జాగాయే. దీని మీద ఒక్క పరిశోధన చేయించండని ముగ్గురు శాఖాధ్యక్షులను అడిగాను. ఒకాయన, ఇది వ్యాకరణం వాళ్ల పని అన్నారు. వ్యాకరణం వాళ్లు, ఇది నాటకం వాళ్ల పని అన్నారు. మూడో ఆయన టీ ఇప్పించారు.

పద్యనాటకాల సంగతికొస్తే, అక్కడ పుస్తకానికి పనే లేదంటారు. పాండవోద్యోగ విజయాల పద్యాలు బడి మొహం చూడనివాడి నోట కూడా పలికాయి గదా, పుస్తకం ఎందుకు అని. నిజమే. కానీ చిలకమర్తి వారి గయోపాఖ్యానం లక్ష ప్రతులు దాటిందని చెప్పుకుంటాం. ఊరూరా లక్షమంది అర్జునులు ఉన్నారా? కొన్నవాళ్లలో ఎక్కువమంది మొహానికి అర్దళం రాసుకోనివాళ్లే. రాజమండ్రి కొండపల్లి వారు అచ్చువేసిన నాటకం ఒకటి మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉండేది. మా అమ్మ పొయ్యి దగ్గర చదివేది. ఆవిడ జన్మలో నాటకానికి వెళ్లింది లేదు, ఆ రోజుల్లో వెళ్లనివ్వలేదు. ఇల్లు కదలకుండా కురుక్షేత్రం చూసొచ్చింది.

ఒక ప్రాంప్టరు పుస్తకం గురించి చెబుతాను. గుడివాడ పక్క పల్లెలో ఒక ఇంట్లో చూశాను. ఉద్యోగ విజయాల ప్రతి. అట్ట ఊడితే గోనె దారంతో కుట్టారు. పేజీల మూలలు ఆముదం పట్టినట్టు నల్లబడ్డాయి. పద్యాల మీద ఒక్క గుర్తు లేదు, అవి అందరికీ నోటికొచ్చినవే. మార్జినంతా పెన్సిలు రాత. ఒక చోట "హార్మనీ ఆగాలి". ఒక చోట "వన్స్‌మోర్ అడిగినా ఇవ్వొద్దు, గొంతు లేదు". రాయబారం సీనులో, ఒక పద్యం పక్కన ఒకటే మాట: "సోడా". కృష్ణుడు కౌరవసభకి అటు తిరిగి సోడా తాగి ఇటు తిరిగేదాకా దుర్యోధనుడు ఏం చేస్తూ నిలబడాలో కింద రెండు లైన్లలో రాసి ఉంది. ఆ ఊరు ఆ రాత్రి చూసిన నాటకం కవులు రాసిన పద్యాల్లో సగం, ఈ పెన్సిలు రాతలో సగం. జిరాక్సు తీయించుకుంటానంటే పెద్దాయన, సంక్రాంతికి రా, మనవడు పట్నం నుంచి వస్తాడు, తీయిస్తాడు అన్నారు. వెళ్లాను. ఇల్లు సర్దుతూ పాత కాగితాలన్నీ భోగిమంటలో వేశామన్నారు. పద్యాలన్నీ పుస్తకాల షాపులో దొరుకుతాయి కదండీ అన్నాడు మనవడు, నన్ను ఓదారుస్తూ.

పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు నాటక వికాసానికి, మిక్కిలినేని వారి ఆంధ్ర నాటకరంగ చరిత్రకు మనందరం బాకీ ఉన్నాం. వాళ్లు వెతికి తెచ్చిన పట్టికలనే మళ్లీ మళ్లీ ఎత్తిరాసి డాక్టరేటు పుచ్చుకున్న వాళ్ల గురించి పెదవి విప్పను. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సందేశం, ఉపసంహారం. మంజరీ మధుకరీయం 1860 ప్రాంతపు రచన, 1908 దాకా అచ్చు కాలేదని ప్రతి సిద్ధాంతవ్యాసంలోనూ ఉంటుంది. ఆ మధ్య కాలం అది ఎవరి చేతుల్లో, ఎలా చదవబడిందని అడిగినవాళ్లు తక్కువ. ముందు వరసలో ఉన్న నా మిత్రులొకరు, నాటకం చదవడమంటే వంటల పుస్తకం నమలడం లాంటిదని ఒకప్పుడు రాశారు. బాగా రాశారు, చాలామంది ఇంకా ఎత్తి చెబుతున్నారు. ఆయన ఇంట్లో రెండు బీరువాల నిండా నాటకాలున్నాయి. వంట తెలిసినవాడికి వంటల పుస్తకం చదివినా నోరూరుతుందని ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆడనివ్వనప్పుడు నాటకానికి పుస్తకమే ఇల్లు. బెర్నార్డ్ షా మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్ 1893లో రాశాడు, సెన్సారు ఆడనివ్వలేదు. 1898లో పొడుగాటి పీఠికతో, నవల చదివినట్టు చదువుకునే రంగసూచనలతో అచ్చు వేశాడు. ఇంగ్లండులో లైసెన్సుతో ఆడటానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది. మనకి సుంకర, వాసిరెడ్డి గార్ల మాభూమి ఉంది. ప్రదర్శనల మీద నిషేధం పడింది, నాటకం పేరు చెరిగిపోలేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనను నిషేధించింది. ఆ గొడవ మంచిచెడ్డల జోలికి ఇప్పుడు పోను. కాని ఆ వారం టీవీల్లో కూర్చుని వాదించినవాళ్లలో కాళ్ళకూరి వారి పుస్తకం తెరిచి చూసినవాళ్లు ఎందరు? సుబ్బిశెట్టి నోట ఆయన పెట్టిన మాట ఏది, తరాల తరబడి ట్రూపులు ఈలల కోసం అతికించిన మాట ఏది అని తేల్చాలంటే పుస్తకం తప్ప సాక్షి లేడు.

నా సొంత గోడు ఒకటి. కొన్నేళ్ల కిందట మా ప్రాంతపు నాటికలు పది ఏరి ఒక సంపుటికి సంపాదకత్వం వహించాను. వేసినవారి పేరు చెప్పను, ప్రూఫులు నాకు చూపించలేదని మాత్రం చెబుతాను. పుస్తకం చేతికొచ్చాక తెరిస్తే పది నాటికల్లో ఒక్క బ్రాకెట్టు లేదు. నాలుగు ఫారాలు కలిసొచ్చాయి సార్, డైలాగులు అన్నీ భద్రంగా ఉన్నాయి అన్నారు. వాటిలో ఒక నాటికలో ఒక ముసలమ్మ ఉంది. ఇంటి వాటాలు పంచుకుంటున్న కొడుకుల మధ్య, ఓ మూల పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటుంది. ఒక్క మాట మాట్లాడదు. పెద్దాడు అరిచినప్పుడు ఆమె చెయ్యి ఆగుతుంది. చిన్నాడు అమ్మ సంగతేమిటి అన్నప్పుడు ఒక కాయ కింద పడుతుంది, తీయదు. చివర అందరూ వెళ్లిపోయాక వంగి ఆ కాయ తీసి, ఈనె తీసి, గిన్నెలో వేస్తుంది. తెర. ఆమె బతుకంతా బ్రాకెట్లలోనే ఉంది. మా సంపుటిలో ఆమె లేదు. పాత్రల పట్టికలో "తల్లి" అని పేరు మిగిలింది. ఒక సమీక్షకుడు, తల్లి పాత్రను పట్టికలో చూపి నాటికలో మరిచిపోవడం రచయిత అశ్రద్ధ అని రాశాడు. రచయిత నాకు ఫోను చేయలేదు. చేసి తిట్టి ఉంటే బాగుండేది.

నాటకానికే ఈ గతి పడితే సినిమా మాటేమిటి? స్క్రీన్‌ప్లే అంటేనే మొత్తం బ్రాకెట్టు, మధ్యలో అక్కడక్కడ డైలాగు. మనవాళ్ల సీను పేపర్లలో ఎడమవైపు యాక్షను, కుడివైపు మాటలు ఉండేవి. ఆ కాగితాలు సెట్లో చెమటకి తడిసి, షూటింగు అయ్యాక చెత్తలో కలిశాయి. హాలు బయట మనకి అమ్మింది పాటల పుస్తకం. ఆ తర్వాత వెండితెర నవల వచ్చింది. మంచి చేతుల్లో అదీ చక్కగానే పండింది, ముళ్ళపూడి వారిని చదివినవాడు కాదనలేడు. కానీ అది నవల. షాటు ఎక్కడ తెగింది, ఎవరి మొహం మీద తెగింది అన్నది అందులో కరిగిపోతుంది. మాలపిల్లకు 1938లో తాపీ ధర్మారావు గారు వాడుక మాటలు రాశారని పాఠం చెబుతాం. ఆ మాటల పక్కన ఎడమవైపు ఏముందో పిల్లలకి చూపించగలమా? సత్యజిత్ రే ఎర్రగుడ్డ ఖాతా పుస్తకాల్లో బొమ్మలతో సహా రాసుకున్నవి జనం ఇవాళ్టికీ కళ్లకద్దుకుని చూస్తారు. మన బాపు గారూ షాటు షాటుకీ బొమ్మ వేసుకున్నవారే. ఇప్పుడు ఎవరైనా స్క్రీన్‌ప్లే పుస్తకం అని తెస్తే, చాలాసార్లు అది డీవీడీ ముందు కూర్చుని ఎక్కించుకున్న డైలాగులే. కుడివైపు సగం.

అడిగేది పెద్దదేం కాదు. ప్రతి పరిషత్తుకీ ఎంట్రీ ఫారంతో పాటు స్క్రిప్టు కాపీలు వస్తాయి. బహుమతులు ఇచ్చిన మర్నాడు అవి పాతపేపర్ల తూకానికి పోతాయి. వాటిలో ఒక్కో కాపీ, మార్జిను రాతలతో సహా, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి ఒక గ్రంథాలయానికి పంపుదాం. 1918 నుంచి కాగితాన్ని కాపాడుతున్న ఊరది, మన కాగితాన్నీ కాపాడుతుంది. సినిమా రచయితల పిల్లలు ఈ సభలో ఉంటే, అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దించి చూడమని మనవి. నాటకాలు అచ్చు వేసేవారికి ఒకటే మనవి: ఫారాలు తగ్గించుకోవాలంటే నా పీఠిక తీసేయండి.

గంట రెండోసారి మోగింది, విన్నాను. రేపు పొద్దున పఠన సదస్సులో ఆ ముసలమ్మ ఉన్న నాటికే పెట్టారు. రచయిత చేతిరాత ప్రతి నా దగ్గర ఉంది, తెచ్చాను. పాత్రలన్నీ పంచేశారట. పెద్దకొడుకు కోసం ఇద్దరు పోటీ పడ్డారని విన్నాను. బ్రాకెట్లు మాత్రం ఎవరూ తీసుకోలేదని కార్యదర్శి గారు చెప్పారు.

అవి నాకివ్వండి.