పసిబిడ్డ చేయి కదలనప్పుడు



1859వ సంవత్సరము జనవరి మాసమున బెర్లిన్ నగరమందు ప్రష్యా రాజవంశమున నొక మగశిశువు ఎదురుకాళ్లతో జనించెను. ఆ కష్టపు కాన్పులో ఎడమచేయి చచ్చుబడినది. ఆ చేతికి జీవము తెప్పింపవలెనని అప్పుడే చంపిన కుందేటి వెచ్చని కళేబరమున దానిని చుట్టి యుంచిరి, విద్యుత్తును ప్రసరింపజేసిరి. ఫలము లేకపోయెను. ఆ శిశువే పిమ్మట జర్మనీ చక్రవర్తి యయిన రెండవ విల్హెల్ము. ఆతని ఎడమచేయి కడవరకును పొట్టిదిగానే యుండెను. నాడు రాజభవనమునకు సయితము దొరకని చికిత్స నేడు కలదు. కాని దానికొక గడువు కలదు.

మెడయొద్ద వెన్నుపామునుండి ఐదు నరములు వెడలి, పెనవేసికొని, చేతిలో ప్రవేశించును. తల వెలుపడిన పిదప భుజము తల్లి కటియెముకకు తట్టుకొని చిక్కినచో ఈ నరములు సాగును, ఒక్కొక్కప్పుడు తెగును. బిడ్డ బరువు హెచ్చయినను, తల్లికి మధుమేహమున్నను ఈ ప్రమాద మధికము. కాన్పు చేసినవారిని వెంటనే నిందింపరాదు. భుజము చిక్కినప్పుడు నిమిషములలో బిడ్డను తీయకున్న ప్రాణమునకే ముప్పు.

ఇట్టి చేయి లోపలికి తిరిగి, మోచేయి చాచుకొని వ్రేలాడుచుండును. కంఠాస్థి విరిగినను బిడ్డ చేయి కదల్పదు గనుక, ఏది యైనదో వైద్యుడే నిర్ణయింపవలెను. ఈలోగా నూనె రాచి చేతిని లాగుట, చంకలు పట్టి ఎత్తుట కూడదు. గాలి సోకినదని తాయెత్తు కట్టినందున చేటు లేకపోవచ్చును. ఆ తాయెత్తును నమ్మి నెలలు గడపుటయే చేటు.

నరములు సాగుట మాత్రమే జరిగిన బిడ్డలు పెక్కుమంది శస్త్రచికిత్స లేకయే కోలుకొందురు. వారికి కావలసినది వ్యాయామము. వైద్యుడు అనుమతించిన నాటినుండి, గుడ్డలు మార్చిన ప్రతిసారియు, మోచేతిని మెల్లగా వంచి చాచవలెను. భుజమును వెలుపలికి త్రిప్పవలెను. ఇది నరమును పెంచదు. నరము కోలుకొనువరకు కీళ్లు బిగిసిపోకుండ కాపాడును. తల్లి యొక్కతెయే గాక, నాయనమ్మ అమ్మమ్మలును దీనిని నేర్చుకొనుట మేలు. చొక్కా తొడుగునప్పుడు జబ్బుచేతిని ముందు దూర్చవలెను, విప్పునప్పుడు కడపట తీయవలెను.

మూడవ నెల నిండునాటికి బిడ్డ తనంతట తాను మోచేతిని పైకి వంచుచున్నదా యని చూడుడు. వంచనిచో నరముల శస్త్రవైద్యునికి చూపవలెను. వ్రేళ్లుకూడ కదలక, ఆ ప్రక్క కనురెప్ప వాలియున్నచో అంతవరకును ఆగరాదు. ఏలయనగా నరము దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. అది చేరులోపల కండరము క్షీణించినచో పిమ్మట చేరియు లాభము లేదు. అందుచేతనే ఈ శస్త్రచికిత్సను సాధారణముగా మూడవ నెలకును తొమ్మిదవ నెలకును నడుమ చేయుదురు. పిక్కనుండి ఒక నరమును తీసి తెగినచోట అతుకుదురు. పాదపు అంచున కొంత తిమ్మిరి తప్ప కాలికి లోటు రాదు. నరము వెన్నుపామునుండియే ఊడినచో ప్రక్కనున్న వేరొక నరమును మళ్లింతురు. ఫలము కనబడుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు పట్టును.

“ఏడాది నిండిన అదే వచ్చును” అను మాట మన యిండ్లలో పెద్దల నోటనే వెలువడుచుండును, పిల్లలు దానిని త్రోసివేయజాలరు. ఆ మాటను ఇక మానుకొందము. ఆలస్యమైన బిడ్డలకును దారి బొత్తిగా మూసికొనదు. కొంత యెదిగిన పిదప వీపునందలి కండరమును భుజమునకు మార్చి కుట్టుదురు. అట్టి చేయి రెండవదానితో సరితూగదు. అయినను తల దువ్వుకొనుటకును, ముద్ద నోటికందించుకొనుటకును పనికివచ్చును.