నల్లనివన్నీ ఒక్క పక్షి కాదు



యానాం వద్ద గౌతమీ గోదావరి ఒడ్డుకు ఉదయవేళ వెళ్ళినవారికి, నీటిలో పాతిన గుంజలపై రెక్కలు చాచి కూర్చున్న నల్లని పక్షులు కానవచ్చును. వానినన్నిటిని నీటికాకులనుట వాడుక. రంగు తప్ప కాకితో వీనికి చుట్టరికమేదియు లేదు. నాలుగు కాలివ్రేళ్ళను కలుపుచు చర్మముండును. ఆ తెడ్లతో నీటి అడుగున చేపను తరిమి పట్టును. ఈకల అంచులు తడియుటచే తేలుడు తగ్గి మునుగుట సులువగును. గుంజపై రెక్కలారబెట్టుకొనుట అందువలననే.

చిన్న నీటికాకి పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, భారత నీటికాకి సుమారు 63. దూరమునుండి ఈ భేదము కంటికి ఆనదు. కావున కొలత విడిచి ముక్కు చూడవలెను. పొట్టిగా, మందముగా ఉండి, నుదురు నిట్టనిలువుగా లేచినచో చిన్నది. ముక్కు సన్నగా సాగి, కొన కొక్కెమువలె వంగి, కన్ను నీలివన్నె పచ్చగా మెరసినచో రెండవది. ఇది తరచు గుంపుగా చేపలను చుట్టుముట్టి వేటాడును. పెద్ద నీటికాకిని గుర్తించుట కష్టము కాదు: సాధారణముగా 80 సెంటీమీటర్లకు తక్కువ ఉండదు, చెంప తెలుపు, గూడుకట్టు కాలమున తొడపై తెల్లమచ్చ.

పాముమెడ పక్షి వీనిలో చేరదు. ఒడలంతయు నీట ముంచి మెడ మాత్రమే పైకెత్తి ఈదును. దాని ముక్కుకు కొక్కెము లేదు, బాకువలె సూటిగా ఉండును. చేపను పట్టుకొనదు, పొడుచును.

చేపల చెరువుల యజమానులకు వీనిపై కోపముండుట సహజమే, పిల్లచేపలను తినుట నిజమే గదా. అయినను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చెరువుపై తాళ్ళు కట్టి దిగనీయకుండుటయే తగిన ఉపాయము.

వలలో చిక్కిన పక్షిని విడిపించునపుడు ఈ గుర్తింపు మరింత అక్కరకు వచ్చును. దారము లాగరాదు, కత్తిరింపవలెను. తలపై పలుచని బట్ట కప్పినచో పక్షి శాంతించును. పాముమెడ పక్షియైనచో ముఖము దూరముగా ఉంచుకొనవలెను. అది కంటికి గురిపెట్టును. కరచునను భయముతో నీటికాకి ముక్కును గట్టిగా కట్టివేయుట పెద్ద ప్రమాదము. ఎదిగిన నీటికాకికి వెలుపలి నాసికారంధ్రములు మూసుకొనిపోయి ఉండును. అది నోటితోనే ఊపిరి పీల్చును. నోరు మూసినచో కొద్ది నిమిషములలో ప్రాణము పోవును.