ఆత్మకు అంటు లేదట, గ్లాసుకెందుకు?

(ఒక దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన అనంతపురం సీమలో వానకు కరువు గానీ స్వాములకు కరువు లేదు. ఆత్మంటే ఏమి, దేవుడంటే ఎవరు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పినారు. 2011లో కన్నుమూసేదాకా పుట్టపర్తి సత్యసాయిబాబా, అందరిలో ఉండేది ఒకే దేవుడు, మీరూ దేవుళ్లే అన్నారు. ఉండేది ఒకటే కులం, అది మానవ కులం అన్నారు. తాడిపత్రి కాడ చిన్నపొలమడలో ఆశ్రమం పెట్టిన ప్రబోధానంద యోగీశ్వరులు వేరే మాట చెప్పినారు. జీవాత్మ, ఆత్మ, పరమాత్మ, ఇవి మూడూ వేర్వేరు, దీని పేరు త్రైతం అన్నారు.

ఈ తగువు ఇప్పటిది కాదు. సుమారు 8వ శతాబ్దంలో శంకరుడు జీవుడూ బ్రహ్మమూ ఒకటే అన్నాడు. రామానుజుడు వచ్చి, కాదు, జీవుడు దేవుడికి శరీరం లాంటివాడు అన్నాడు. 13వ శతాబ్దంలో మధ్వుడు, దేవుడు వేరే, జీవుడు వేరే, ఎన్నటికీ ఒకటి కారు అన్నాడు.

పొద్దంతా శెనిక్కాయ చేన్లో వంగి పనిచేసే కూలి మనిషికి ఈ తగువుతో ఏం పని అంటారేమో. పని ఉంది. ఈ ముగ్గురూ బ్రహ్మసూత్రాలకు వ్యాఖ్యానాలు రాసినారు. అందులో మొదటి అధ్యాయం మూడో పాదంలో అపశూద్రాధికరణం అని ఒక భాగం ఉంది. శూద్రుడు వేదం చదివి బ్రహ్మాన్ని తెలుసుకోవచ్చునా అనేది అక్కడి ప్రశ్న. ఆత్మ ఒకటే అన్నవాడూ కూడదన్నాడు. శరీరం లాంటిదన్నవాడూ కూడదన్నాడు. వేరే అన్నవాడూ కూడదన్నాడు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పోయాలన్న స్మృతి మాటను శంకరుడు అక్కడే ఉదహరించినాడు. శూద్రుడికే దిక్కు లేకపోతే ఊరి బయట ఉంచిన మన గతి ఏమి? చూడండి, దేవుడి కాడ తగువు పడ్డవాళ్లు మన కాడికి వచ్చేసరికి ఒకటైనారు!

శంకరుణ్ణి కాశీలో ఒక చండాలుడు నిలదీసిన కథ మీరు వినే ఉంటారు. తప్పుకోమంటున్నది ఈ దేహాన్నా, లోపలి ఆత్మనా అని అడిగినాడట. ఆ చండాలుడు సాక్షాత్తూ శివుడేనని చెప్పి కథ ముగిస్తారు. అంటే చండాలుడు చండాలుడిగా నిలబడి అడిగితే చాలదు, ఆ ప్రశ్నకు విలువ రావాలంటే అడిగినవాడు శివుడై ఉండాలి!

బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ ముడిని పట్టుకున్నాడు. ఆయన పోయినాక 1987లో అచ్చయిన 'హిందూమతంలోని చిక్కుముడులు'లో, అందరిలోనూ ఒకే బ్రహ్మం ఉందంటే ప్రజాస్వామ్యానికి అంతకన్నా గట్టి పునాది లేదని ఒప్పుకున్నాడు. అయితే ఆ మాట సంఘంలో ధర్మం కాలేదు, సమానత్వం పుట్టించలేదు, అలాంటి బ్రహ్మంతో ఏమి లాభం అని నిలదీసినాడు. అందుకే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బుద్ధుడి దారి పట్టినాడు. బుద్ధుడు శాశ్వతమైన ఆత్మ లేదన్నాడు, మనిషికీ మనిషికీ మధ్య నడత చూడమన్నాడు.

మన పెద్దలు "మా కర్మ ఇంతేలేప్పా" అంటుంటారు. పోయిన జన్మ పాపం ఆత్మతో పాటు వచ్చిందని నమ్మితే ఈ జన్మలో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎవరు తగ్గించినారు అని అడగబుద్ధి కాదు. మన సీమకు వాన రానిది పడమటి కనుమల చాటున ఉన్నందుకు. మన బిడ్డ చదువు మానింది ఇంట్లో సంగటి లేనందుకు. ఇందులో ఏ ఆత్మ పాపమూ లేదు.

దేవుణ్ని నమ్మేవాళ్లను మేము ఎగతాళి చేయం. సత్యసాయి ట్రస్టు 1990ల నడుమ వందల పల్లెలకు మంచినీళ్లు తెచ్చింది. ఆ మేలు మేలే. అయితే నీళ్లు ఊరికి వచ్చినాక కొళాయి కాడ ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక అనేది ఊరు తేల్చేది. స్వామి మాట అక్కడ నిలిచిందా లేదా, అదే పరీక్ష.

కాబట్టి ఇకమీదట ఎవరు వచ్చి ఆత్మ గురించి చెప్పినా కూర్చుని విందాం. విన్నాక లేచి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. మీరు చెప్పే ఆత్మ మా వాడలో ఉందా? ఉంటే టీ అంగట్లో గ్లాసు ఒకటేనా? గుడి గడప ఒకటేనా? చచ్చినాక పూడ్చే నేల ఒకటేనా? జవాబు చెప్పకుండా దాటవేస్తే రాజ్యాంగం 17వ అధికరణం ఉంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అవి మనిషి రాసినవి, మన మనిషి కూర్చుని రాసిన రాజ్యాంగం మీద నిలిచినవి. వాటిని చదవడం మన బిడ్డలకు నేర్పుదాం. ఆత్మ ఒకటో మూడో వాళ్లు తేల్చుకోనీ, మనుషులంతా ఒకటేనని మనం తేలుద్దాం.

జై భీమ్!