మస్టరు ఎవరి కాగితం?

(కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి వేతన సవరణ, పెన్షన్, ఖాళీల భర్తీ గురించి చర్చించుకున్నాం. అవి మన కోర్కెలు. వాటిని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. అయితే ఈ కొద్ది సమయం మాత్రం మన సభ్యత్వ పుస్తకాలలో పేరు లేనివారి గురించి మాట్లాడదలచాం. ప్లాట్‌ఫారాలు ఊడ్చేవారు, బోగీలు కడిగేవారు, తపాలా సంచులు ఎత్తి దించేవారు, మన చూరు కిందనే పనిచేస్తున్న గుత్తేదారు కూలీలు. వారి హాజరు పట్టీ మన వారి బల్లమీద ఉంటుంది. ఆ పట్టీ కింద సంతకం చాలా చోట్ల మన సభ్యుడిదే. ఈ సంతకం గురించి మాట్లాడుకోవాలంటే ముందు ఒకసారి రాజస్థాన్ వెళ్ళి రావాలి.

1981లో అజ్మీరు జిల్లా హర్మాడా ప్రాంతంలో కరువు పనులు జరిగాయి. మదన్‌గంజ్ నుండి హర్మాడాకు రోడ్డు వేయించారు. పనివారిలో అత్యధికులు స్త్రీలు. ఆనాడు ఆ రాష్ట్రంలో కనీస వేతనం రోజుకు 7 రూపాయలు. కూలీలను ముఠాలుగా విభజించి, పక్షానికొకసారి ముఠా మొత్తం పనిని కొలిచి, దాని ప్రకారం డబ్బు పంచేవారు. ఒళ్ళు దాచుకోక పనిచేసిన మనిషికీ, పేరు రాయించుకుని చెట్టు నీడన కూర్చున్న మనిషికీ ఒకటే లెక్క. ఫలితంగా పనిచేసిన వారెవరికీ 7 రూపాయలు ముట్టలేదు. నౌర్తీ అనే దళిత మహిళ ముందు నిలబడి తోటి స్త్రీలను కూడగట్టింది. తిలోనియాలోని సంస్థ పక్షాన సంజిత్ రాయ్ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 1983 జనవరి 20న తీర్పు వచ్చింది. కరువు పని దయాభిక్ష కాదనీ, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించే పని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీతో సమానమనీ న్యాయస్థానం చెప్పింది. అంతకు ముందటి సంవత్సరం ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులోనూ ఇదే సూత్రాన్ని నిలబెట్టింది.

తీర్పు వచ్చింది గదా, ఇక కూలి వచ్చి ఉంటుందని మనం అనుకుంటాం. సంఘాలలో తలలు నెరిసిన వారమైన మనకు ఆ భ్రమ ఉండకూడదు. 1987లో అరుణా రాయ్, శంకర్ సింగ్, నిఖిల్ డే ప్రభృతులు దేవ్‌డుంగ్రీ అనే చిన్న పల్లెలో మట్టి ఇంట కాపురం పెట్టారు. అప్పటికి తీర్పు వచ్చి నాలుగేళ్ళయినా ఆ చుట్టుపక్కల పనులలో కనీస వేతనం దక్కడం లేదు. 1990 మే 1న భీమ్ అనే ఊరిలో ‘మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్’ ఏర్పడింది. నిరాహార దీక్షలు జరిగాయి, చర్చలు జరిగాయి. ప్రతిసారీ అధికారి ఒకే సమాధానం చెప్పేవాడు: మీరు పని పూర్తి చేయలేదు, కాగితాలు అలా చెబుతున్నాయి. సరే, ఆ కాగితాలు చూపించమంటే, అవి ప్రభుత్వ రహస్యాలు!

తట్ట మోసిన మనిషి ఎన్ని రోజులు మోసిందో రహస్యమట. ఎవరి నుండి దాచవలసిన రహస్యం? మోసిన మనిషి నుండే. ఇక్కడనే ఆ సంఘం వారు ఒక సంగతి గ్రహించారు. కూలి పోరాటం కాగితం దగ్గర ఆగిపోతున్నది కాబట్టి ముందుగా కాగితం కోసం పోరాడాలి. ఆ మాట వారికి చదువుకున్నవారి కంటే ముందుగా కూలి స్త్రీలే చెప్పారంటారు. పిల్లవాడికి పది రూపాయలిచ్చి అంగడికి పంపినా తిరిగివచ్చాక లెక్క అడుగుతాం గదా, మా పేరున ఖర్చయిన సొమ్ముకు లెక్క అడగరాదా అని వారి వాదన. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అనే నినాదం అలా వచ్చింది.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో మొదటి ‘జన్ సున్‌వాయీ’, అనగా ప్రజా విచారణ, జరిగింది. ఎలాగో సంపాదించిన మస్టరు రోళ్ళను, బిల్లులను ఊరివారి ముందు బిగ్గరగా చదివారు. అంతే! ఉపన్యాసాలు అవసరం లేకపోయింది. తన పేరు వినిపించిన మనిషి లేచి, ‘నేనా పనికి వెళ్ళనే లేదు’ అనేవాడు. చనిపోయినవారి పేర్లు హాజరులో ఉన్నాయి. పూర్తయినట్లు రాసిన కట్టడం మొండిగోడలతో ఊరందరికీ కనబడుతూనే ఉంది. చదువురాని జనం కాగితాన్ని చదవలేకపోవచ్చు. కాని చదివి వినిపిస్తే అందులో ఏ పంక్తి అబద్ధమో వారికంటే బాగా చెప్పగలవారు లేరు.

తరువాతి చరిత్ర మీలో చాలామందికి తెలిసినదే కనుక త్వరగా చెబుతాం. పంచాయతీ పనుల రికార్డుల నకళ్ళు ఇస్తామని 1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్‌లో ధర్నా మొదలై 40 రోజులు సాగింది. రైల్వే సోదరులకు తెలిసిన ఊరే, అజ్మీరు నుండి అహమ్మదాబాదు పోయే దారిలో వస్తుంది. పల్లెలవారు ఇంటింటి గోధుమలు తెచ్చారు. బజారువారు కూరగాయలు ఇచ్చారు. మరుసటి సంవత్సరం జైపూర్‌లో 53 రోజుల ధర్నా. చివరకు తేలినదేమిటంటే, నకళ్ళు తీసుకునే హక్కును గుర్తిస్తూ గెజిట్ ప్రకటన కొన్ని మాసాల క్రితమే వెలువడిందట! సమాచార హక్కు కోసం జనం ఎండలో కూర్చుని ఉండగా, ఆ హక్కు వచ్చిన సమాచారం కూడా బీరువాలోనే ఉండిపోయింది. 2000లో ఆ రాష్ట్ర చట్టం, 2005లో దేశానికంతటికీ సమాచార హక్కు చట్టం వచ్చాయి.

ఇంతవరకు చెప్పినదంతా వినడానికి బాగుంటుంది. వినడానికి బాగుండని భాగం ఒకటుంది. ఆ ప్రజా విచారణలు మొదలైన రోజులలో రికార్డులు చూపరాదని ఆందోళనకు దిగిన వారెవరు? గ్రామసేవకులు. అంటే మనబోటి ఉద్యోగులు, మనబోటి సంఘం. నెలజీతగాళ్ళు, పై అధికారి ఒత్తిడి, కింద జనం ఆగ్రహం, మధ్యలో నలిగేవారు. వారి భయం మనకు అర్థం కానిది కాదు. కమీషన్ పైవరకు పోతుంది, సస్పెన్షన్ మాత్రం చిట్టచివరి గుమాస్తాకు వస్తుంది. అయినా వారి సంఘం ‘పైవాని పేరు కూడా బయటపెట్టండి’ అని అడగలేదు. ‘పుస్తకం మూసేయండి’ అని అడిగింది. ఆ స్థానంలో మనం ఉంటే ఏమని అడిగేవారం?

తపాలా మిత్రులకు ఈ ప్రశ్న ఊహలోనిది కాదు. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి డబ్బు పోస్టాఫీసు ఖాతాల ద్వారా చెల్లించారు. పల్లె పోస్టాఫీసు గడపలో పాసుపుస్తకాలు పట్టుకుని కూలి స్త్రీలు బారులు తీరిన రోజులు మీకు గుర్తే. రాజస్థాన్ వారి తోడ్పాటుతో సామాజిక తనిఖీలు కూడా మన దగ్గరనే బలంగా సాగాయి. ఊళ్ళో చదువుకున్న కూలీల బిడ్డలే మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చివరకు మండల సభలో చదివేవారు. ఆ సభలలో మేట్లు, ఫీల్డు అసిస్టెంట్లు, ఇంజనీర్లతోపాటు కొన్నిచోట్ల బ్రాంచి పోస్టుమాస్టర్ల పేర్లు కూడా వచ్చాయి. మన సభ్యుల మీద అభాండాలు వేస్తున్నారని కొందరు మిత్రులు ఆవేశపడ్డారు. కొన్ని అభాండాలే కావచ్చు. డబ్బు ఆలస్యంగా వచ్చినా, అసలు రాకపోయినా జనానికి కనబడే ముఖం పోస్టుమాస్టరుదే గదా. మరి కొన్ని అభాండాలు కావు. ఆ సంగతి కూడా మనలో మనం ఒప్పుకోవాలి.

ఆ బ్రాంచి పోస్టుమాస్టరు ఎవరు? ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’ అనే పేరుతో దశాబ్దాలు శాఖ బయట నిలబెట్టిన మనిషి. అతడిది సివిల్ పోస్టేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, క్రమబద్ధ ఉద్యోగి హోదా రాలేదు. పేరు మారి గ్రామీణ డాక్ సేవక్ అయ్యాడు. 2018లో భత్యాల పెంపు కోసం దేశవ్యాప్తంగా సమ్మె చేయవలసి వచ్చింది. అర్ధాకలి ఉద్యోగి చేతి మీదుగా ఆకలి కూలీకి డబ్బు చేరే ఏర్పాటు అది. ఇద్దరూ కలిసి లెక్క అడగవలసిన వారు, కౌంటరుకు చెరొక వైపున నిలబడి ఒకరినొకరు దొంగగా చూసుకున్నారు.

ఇక రైల్వే సంగతి. కాగితం విలువ మన గ్యాంగ్‌మన్ కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ప్రాజెక్టు పనులలోని క్యాజువల్ లేబరుకు తాత్కాలిక హోదా ఇచ్చే పథకం 1985లో ఇందర్ పాల్ యాదవ్ కేసులో స్థిరపడింది. 360 రోజుల పని చూపించాలి. ఏం పెట్టి చూపించాలి? క్యాజువల్ లేబర్ కార్డు! దానిని రేకుపెట్టెలో బట్టల అడుగున దాచుకున్నవాడు రైల్వే ఉద్యోగి అయ్యాడు. వానకు తడిసినవాడు, మేస్త్రీ దగ్గరే వదిలేసినవాడు కూలీగానే మిగిలాడు. ఇద్దరూ ఒకే కట్టమీద కంకర కొట్టినవారే. మా సంఘ కార్యాలయానికి అటువంటి వృద్ధులు చాలాకాలం వస్తూనే ఉండేవారు.

ఇప్పుడు మా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక జంక్షనులో బోగీలు కడిగే స్త్రీలు మా బ్రాంచి ఆఫీసుకు వచ్చారు. వారిలో పెద్దామె అన్న మాట ఇది: ‘మాకెంత ఇస్తున్నారో మాకు తెలుసు సారూ. మా పేరు మీద ఎంత రాస్తున్నారో అది చెప్పండి.’ బ్రాంచి కమిటీ కూర్చుంది. వారు మన సభ్యులు కారని ఒకరన్నారు. పట్టీ బయటకు వస్తే సంతకం చేసిన సూపర్‌వైజరుకు ఛార్జిషీటు వస్తుందని, ఆయన ఇరవై ఏళ్ళుగా మన చందాదారని మరొకరన్నారు. వచ్చే సమావేశంలో చూద్దామన్నాం. అలా మూడు నెలలు నాన్చాం. ఈలోగా ఒకామె కొడుకు, డిగ్రీ చదువుతున్న కుర్రవాడు, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి నకళ్ళు సంపాదించాడు. గళ్ళలో అంకెలు అర్థం కాక వాటిని మళ్ళీ మా దగ్గరకే తెచ్చారు. అప్పుడిక కాదనలేక చదివాం.

అందరికీ నెలకు ఇరవై ఆరు రోజుల హాజరు. అందరికీ పూర్తి కనీస వేతనం, బ్యాంకు ఖాతాలో జమ. ఏటీఎం కార్డులు మాత్రం గుత్తేదారు మనిషి సంచిలో. అతడే డబ్బు తీసి, చేతికి తోచినంత పెట్టేవాడు. కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన నెలలో కూడా ఒకామెకు ఇరవై ఆరు రోజులు పడ్డాయి. అది విని ఆమె నవ్వింది. మేము తలెత్తలేకపోయాం. అన్ని పట్టీల కింద, చెల్లింపు తన సమక్షంలో జరిగినట్లు మన సభ్యుడి ధృవీకరణ ఉంది. ఆయనను అడిగితే, ‘కట్ట తెచ్చి పెట్టారు, సంతకం చేశాను’ అన్నాడు. ఒక్క పైసా తీసుకోలేదని మా నమ్మకం. కాని ఆ నమ్మకం ఆ స్త్రీల కూలి తెచ్చిపెట్టదు.

లేబర్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారి వద్దకు వెళ్ళాం. బకాయిలో కొంత వచ్చింది, అంతా రాలేదు. కొత్త గుత్తేదారు వచ్చి ముందుగా మాట్లాడిన ఇద్దరిని పనిలోకి తీసుకోలేదు. వారి కోసం మేము పెట్టిన వినతిపత్రాలు ఫైళ్ళలోనే ఉన్నాయి. సూపర్‌వైజరుకు చిన్న శిక్ష పడింది. ఆయన మన సంఘం వదిలి వేరే సంఘంలో చేరారు. సంఘం ఒక సభ్యుణ్ణి కాపాడలేకపోయిందని ఇప్పటికీ ఆ జంక్షనులో కొందరంటారు. ఆ మాటను మేము తోసిపుచ్చడం లేదు. కట్ట మీద కళ్ళు మూసుకుని సంతకం చేయవద్దని ఆయనకు ముందుగా చెప్పి ఉంటే, చూడకుండా సంతకం చేయనన్న రోజున సంఘం వెనుక నిలబడుతుందన్న ధైర్యం ఇచ్చి ఉంటే, అదే ఆయనను కాపాడడం అయి ఉండేది.

అంతా ఆన్‌లైన్ అయింది, ఇంకా చదివేదేముందని యువమిత్రులు అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో జమ చూపిన కూలియే ఆ జంక్షనులో మాయమైంది. పైగా చట్టాలు కదులుతున్నాయి. 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుండి కొత్త కోడ్ అమలులోకి వచ్చింది. గుత్తేదారు ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించాలన్న బాధ్యత అందులోనూ ఉంది. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టం చేసింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజు మారిపోయింది. రేపు ఆ కుర్రవాడి వంటి వాడు దరఖాస్తు పెడితే, కూలీల పేర్లు వ్యక్తిగత సమాచారమని తిప్పిపంపడానికి సాకు దొరికింది. బయటి తలుపు ఇరుకవుతున్నకొద్దీ లోపల కాగితం పట్టుకున్న మనిషి మీద భారం పెరుగుతుంది. ఆ మనిషి మనమే.

అందుచేత బ్రాంచీల ముందు ఒక చిన్న పని పెడుతున్నాం. మీ స్టేషనులో, డిపోలో, సార్టింగ్ ఆఫీసులో గుత్తేదారు కూలీల వేతన పట్టీని జీతం పడిన వారంలోగా ఆ కూలీల ఎదుటనే చదివించమని పాలనాధికారికి లేఖ రాయండి. కార్డులు ఎవరి దగ్గరున్నాయో అడగండి. సంతకం చేయవలసిన మన సభ్యులను ముందుగా కూర్చోబెట్టి మాట్లాడండి. కూలీలకు సంఘం ఉంటే ఆ సంఘంతో కలిసి వెళ్ళండి, మనమే పెద్దలమన్నట్లు ముందు నడవవద్దు.

భోజన విరామం తరువాత, తమ చోటి పట్టీల నకళ్ళు తెచ్చిన నలుగురు బ్రాంచి కార్యదర్శులు వాటిని ఈ వేదిక మీద చదువుతారు. ఆ బోగీలు కడిగే పెద్దామె కూడా వచ్చి వెనుక వరుసలో కూర్చుని ఉన్నారు. ఏ గడిలో ఏమి అడగాలో ఆమె చెబుతారు.