అలంపురం నుండి సంగమేశ్వరం వరకు
(మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



స్థలపురాణం గురించి మాట్లాడమని కమిటీ వారు నన్ను ఆదేశించారు. అది మీకు నాకంటే బాగా తెలుసు. కనుక వారి అనుమతితో, నిరుడు వేసవిలో మన ఊరి నుండి నలభై మందిమి చేసిన యాత్రను గురించి చెబుతాను. మీరు కూర్చున్న ఈ ముఖమండపం నేడు నిలిచి ఉన్నదంటే ఆ యాత్రే కారణం.

అప్పటికి కమిటీ తీర్మానం వేరు. పాత మండపాన్ని కూల్చి, స్తంభాలను కాంట్రాక్టరుకు అప్పగించి, సిమెంటు మండపం కట్టి గ్రానైటు పరచాలని నిర్ణయించాము. ఆ తీర్మానానికి చేయెత్తిన వారిలో నేనూ ఒకణ్ణి. పని మొదలుపెట్టే ముందు జోగులాంబ అమ్మవారిని దర్శించుకుని రావాలని బయలుదేరామే గాని, శిథిలాలు చూడాలన్న కోరిక మాలో ఎవరికీ లేదు.

కర్నూలుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, తుంగభద్రకు ఎడమగట్టున ఉన్నది అలంపురం. అక్కడి నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల కాలం నాటివి. 7, 8 శతాబ్దాల నిర్మాణాలు. పేరుకు బ్రహ్మలే గాని, కొలువై ఉన్నది శివుడు. తారకబ్రహ్మ ఆలయం మినహా తక్కినవాటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి ఉంటాయి. మాలో కొందరు ఆ గోడల మీది శిల్పాలను తాకి చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

అమ్మవారి కథ మాత్రం అందరినీ కదిలించింది. 14వ శతాబ్దంలో ఆమె ఆలయం ధ్వంసమయింది. మూర్తిని బాలబ్రహ్మాలయంలో ఉంచి పూజించారు. ఒక తరం కాదు, రెండు తరాలు కాదు, సుమారు ఆరు వందల ఏళ్లు అమ్మవారు మరొక దేవుని ఇంట ఉండి పూజలందుకున్నది. 2005లో గాని పాత చోట కొత్త ఆలయం లేవలేదు.

ఆ తరువాత కూడవెల్లి సంగమేశ్వరాలయానికి వెళ్లాము. ఇది మొదట కృష్ణా తుంగభద్రల సంగమ స్థలంలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోకి రావడంతో పురావస్తు శాఖ వారు రాతికి రాయి అంకె వేసి, పటాలు గీసుకుని, ఆలయాన్ని విప్పి అలంపురానికి తరలించి, తిరిగి అదే వరుసలో పేర్చారు. ఇది నేను వివరిస్తుండగా, మన కొత్త మండపానికి అందరికంటే పెద్ద మొత్తం ప్రకటించిన పెద్దాయన గోడ వైపే చూస్తూ అన్నాడు: "అయ్యవారూ, ఇంత గుడినే విప్పి మళ్లా కట్టినారు గదా. మన పదారు స్తంభాలు మనం నిలబెట్టుకోలేమా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కర్నూలు సత్రంలో ఎవరూ త్వరగా నిద్రపోలేదు. ఖర్చు ఎక్కువవుతుందని కొందరు, ముహూర్తం దాటిపోతుందని కొందరు వాదించారు. ఒకరిద్దరు అలిగారు కూడా.

మరునాడు జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరాలయాన్ని చూశాము. అదీ ముంపు నుండి తరలివచ్చినదే. అక్కడి నుండి నందికొట్కూరు మీదుగా సప్తనదీ సంగమానికి చేరుకున్నాము. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి నదులు కలిసే చోటు అది. సంగమేశ్వరుని ఆలయం ఏడాదిలో చాలా నెలలు నీటిలోనే ఉంటుంది. జలాశయం తగ్గినప్పుడు బయటపడుతుంది. లోపల ఉన్నది వేపదారు లింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అని నమ్మకం. నీరు మళ్లీ పెరిగి గర్భాలయాన్ని చేరే వేళ అర్చకులు చివరి హారతి ఇచ్చి వెనుదిరుగుతారు. ఆపైన గట్టుమీది ఆలయంలో పూజలు సాగుతాయి.

మేము వెళ్లినప్పుడు గోడలకు ఒండ్రు ఇంకా ఆరలేదు. మాతో వచ్చిన ఒక అవ్వ కొంగుతో గడప తుడిచి దీపం పెట్టింది. "మళ్లా మునిగిపోయేదానికి ఎందుకవ్వా తుడిచేది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. "మునిగేది నీళ్లలోనే గదా నాయనా, మన మతిలోనుంచి గాదే" అన్నది. ఆ తరువాత బస్సులో ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల క్రితం కోనేటి మెట్లు బాగుచేయించే బాధ్యత నాది. అక్షరాలున్న బండ ఒకటి బయటపడింది. పగలగొట్టమంటారా అని మేస్త్రీ అడిగాడు. పిల్లలకు తెలుగు చెప్పే నేను, ఆ తెలుగు చదవలేక, సరే అన్నాను. తెలిసిన తొలి తెలుగు శాసనాలలో ఒకటైన కలమళ్ల శాసనం, 6వ శతాబ్దపు రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజుది, మన కడప జిల్లాలోనే ఇటువంటి ఒక గుడి ప్రాంగణంలో దొరికిందని తెలిసీ ఆ మాట అన్నాను.

యాత్ర నుండి వచ్చాక పాత తీర్మానాన్ని రద్దు చేసుకున్నాము. ప్రతి రాతికీ సుద్దతో కాక, చెరగని రంగుతో అంకె వేశాము. ఫొటోలు తీయించాము. పదహారు స్తంభాలలో పద్నాలుగు తిరిగి నిలిచాయి. పగుళ్లిచ్చిన రెండింటి స్థానంలో కొత్తవి చెక్కించాము. ఏనాడో పూసిన ఎనామిల్ రంగును నీళ్లతో, కొబ్బరిపీచుతో వదిలించాము. ఇసుకతో కొట్టే యంత్రాన్ని దగ్గరకు రానివ్వలేదు. దీనికి ఏడు నెలలు ఎక్కువ పట్టింది. పేర్లు చెక్కించుకోవడానికి స్తంభాలు మిగలలేదని దాతలలో కొందరికి మనసులో కష్టంగా ఉందని నాకు తెలుసు. వారి పేర్లు ద్వారం పక్కన వేరే ఫలకం మీద ఉన్నాయి. దయచేసి మన్నించండి.

నేను పగలగొట్టించిన బండలో సగం కోనేటి మూడవ మెట్టు కింద దొరికింది. రెండవ సగం ఇంకా కనబడలేదు. పాత ఇళ్ల అరుగులలోనో, దొడ్లలోనో అక్షరాలున్న రాయి ఎవరికైనా కనిపిస్తే నాకు కబురు చేయండి. ఉన్న సగాన్ని దక్షిణ ద్వారం పక్కన నిలబెట్టాము. దానిమీద మాత్రం టెంకాయలు కొట్టవద్దు.